జంట వెనుక చక్రాల వాహనాలలో లోపలి టైరు వాల్వు: అందుబాటు, పరీక్ష, నిర్వహణ

వ్యవసాయ విస్తరణలో వాహనం కూడా ఒక పరికరమే. గ్రామాలకు వెళ్లి మట్టి నమూనాలను పరీక్షించే సంచార భూసార ప్రయోగశాల, శాస్త్రవేత్తల బృందాన్ని క్షేత్ర దినోత్సవానికి చేర్చే మినీ బస్సు, ధాన్యాన్నీ పత్తినీ మార్కెట్ యార్డుకు మోసే లారీ – ఈ మూడింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. వెనుక ఇరుసుకు ఒక్కొక్క వైపు రెండేసి చక్రాలు జంటగా బిగించి ఉంటాయి. నేలను తాకే టైర్లు ఆరు. వాటిలో ముందువి రెండు, వెనుక బయటివి రెండు మనకు కనిపిస్తాయి. వెనుక లోపలివి రెండూ కనిపించవు. కనిపించని ఆ రెండింటి గాలిని ఎవరు, ఎప్పుడు, దేనితో కొలిచారు అని వాహన నిర్వాహకులను అడిగితే సూటిగా సమాధానం రావడం అరుదు.

ప్రయోగశాలలో ద్రావణపు గాఢతను రెండవ దశాంశ స్థానం వరకు లెక్కించే మనం, ఆ ప్రయోగశాలను మోస్తున్న టైరులో గాలి ఉన్నదో లేదో కర్రతో కొట్టి శబ్దం విని నిర్ణయిస్తున్నాము. దీనికి డ్రైవరు నిర్లక్ష్యమే కారణమనడం న్యాయం కాదు. లోపలి టైరు వాల్వు చేతికి అందదు, చేతికి అందని వాల్వును ఎవరూ కొలవరు. కాబట్టి ఈ వాహనాలలో టైర్ల నిర్వహణ గాలి నింపడంతో కాక, వాల్వును అందుబాటులోకి తేవడంతో ప్రారంభం కావాలి. ఈ విషయంపై ఆచరణాత్మక పరిజ్ఞానం ఎక్కువగా ఉత్తర అమెరికాలో మోటార్‌హోం యజమానుల వద్ద పోగుపడింది. వంటగది, పడకలతో ఇల్లు వలె కట్టిన ఆ బండి సంచార ప్రయోగశాలకు దగ్గరి చుట్టం. రెండూ బస్సు లేక ట్రక్కు చాసిస్ మీద కట్టిన పెట్టెలే. రెండింటిలోనూ సామగ్రి ఎప్పుడూ లోపలే ఉంటుంది కనుక బరువు ఎన్నడూ తగ్గదు. రెండూ నెలల తరబడి కదలకుండా నిలిచి ఉండి, ఒక్కసారిగా దూర ప్రయాణానికి బయలుదేరుతాయి. అందువలన అక్కడి అనుభవం మనకు నేరుగా ఉపకరిస్తుంది.

జంట చక్రాలలో బరువు పంపిణీ

జంటలోని రెండు టైర్లూ ఒకే వ్యాసం, ఒకే పీడనం కలిగి ఉన్నప్పుడే బరువును సమానంగా పంచుకుంటాయి. టైరు పక్కగోడపై ముద్రించే భార సూచికలోనే ఈ మాట ఇమిడి ఉంది. మన లారీలలో విరివిగా కనిపించే 10.00ఆర్20 టైరుపై 146/143 అని ఉంటే, ఒంటరిగా వాడినప్పుడు అది 3,000 కిలోలు, జంటలో వాడినప్పుడు 2,725 కిలోలు మోయగలదని అర్థం. అమెరికాలో ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టే మోటార్‌హోంలలో కనిపించే 16 అంగుళాల ఎల్‌టీ225/75 టైరుపై 115/112 అని ఉంటుంది, అనగా 1,215, 1,120 కిలోలు. జంటలో సామర్థ్యాన్ని తగ్గించి చూపడానికి కారణం, రెండు టైర్లు ఎన్నడూ సంపూర్ణంగా సమానం కావన్న అనుభవమే. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటుంది కనుక లోపలి టైర్లపై సహజంగానే కొంత ఎక్కువ భారం పడుతుంది. బ్రేకు డ్రమ్ము వేడి కూడా వాటికే దగ్గర, చల్లగాలి తగిలేది వాటికే తక్కువ.

ఇపుడు ఒక ఉదాహరణ తీసుకుందాము. వెనుక ఇరుసుపై 9 టన్నుల బరువు ఉన్న లారీలో ఒక్కొక్క జంటకు 4.5 టన్నులు, ఒక్కొక్క టైరుకు 2.25 టన్నులు వస్తాయి. ఇది పరిమితిలోపే. కుడి లోపలి టైరు గాలి పూర్తిగా పోయిందనుకుంటే, బయటి టైరు ఒక్కటే 4.5 టన్నులు మోయవలసి వస్తుంది. దాని ఒంటరి సామర్థ్యం 3 టన్నులే. అనగా ఒకటిన్నర రెట్లు భారం. అయినా బండి ఒరగదు, స్టీరింగు లాగదు, డ్రైవరుకు ఏమీ తెలియదు. ముందు చక్రంలో గాలి పోతే వెంటనే తెలిసేది, ఇక్కడ జంట చక్రమే ఆ లోపాన్ని దాచిపెడుతుంది. జంట చక్రాల సౌకర్యమూ ప్రమాదమూ ఒకే గుణంలో ఉన్నాయి.

పూర్తిగా పోకుండా కొంత మాత్రమే తగ్గినప్పుడు జరిగేది మరింత నిదానమైన నష్టం. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కొద్దిగా తగ్గుతుంది. ఒకే ఇరుసుకు ఒకే హబ్బుకు బిగించినందున రెండు టైర్లూ నిమిషానికి సమానంగా తిరగక తప్పదు. చుట్టుకొలత సుమారు 3.2 మీటర్లున్న టైరు కిలోమీటరుకు దాదాపు 312 చుట్లు తిరుగుతుంది. జంట మధ్య 8 మిల్లీమీటర్ల తేడా ఉన్నా, కిలోమీటరుకు రెండున్నర మీటర్ల మేర ఏదో ఒక టైరు నేలపై ఈడ్వబడుతుంది. వంద కిలోమీటర్లకు అది పావు కిలోమీటరు. తొడుగు అసమానంగా అరగడమూ, డీజిలు వినియోగం పెరగడమూ దీని ఫలితాలే. టైర్లను జతపరచేటప్పుడు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. 8.25-20 వరకు ఉన్న పరిమాణాలలో జంట వ్యాసాల తేడా పావు అంగుళం, 9.00-20, అంతకు పైబడిన వాటిలో అర అంగుళం మించరాదన్నది పరిశ్రమలో స్థిరపడిన నియమం. ఒక కొత్త టైరును, ఒక అరిగిన టైరును జతచేసి రెండింటిలో ఒకే గాలి నింపినా ప్రయోజనం లేదు.

మెత్తబడిన పక్కగోడ ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ వేడెక్కుతుంది. రెండు టైర్ల పక్కగోడలు ఒకదానికొకటి రాసుకోవడం మొదలైతే వేడి మరింత పెరుగుతుంది. జంట మధ్య ఇరుక్కున్న రాయి కూడా ఇదే పని చేస్తుంది. పూర్తిగా గాలి పోయిన లోపలి టైరు చాలా దూరం నడిస్తే అంటుకొని మండే అవకాశం ఉంది. పత్తి బేళ్లు, వరిగడ్డి మోసే వాహనాల విషయంలో ఇది ఎంతటి ముప్పో విడమరచి చెప్పనవసరం లేదు.

వాల్వు నిర్మాణం

నేడు మోటారు వాహనాలన్నిటా వాడుకలో ఉన్న వాల్వు 1890ల నాటి అమెరికా రూపకల్పన. న్యూయార్కుకు చెందిన ష్రాడర్ పేరుతోనే దానిని ఇప్పటికీ పిలుస్తారు. ఇందులో మూడు భాగాలు ఉన్నాయి: రిమ్ముకు లేక ట్యూబుకు అతికి ఉండే గొట్టం, దాని లోపల మరతో బిగించి ఉండే పిన్ను, పైన మూత. పిన్నులోని సన్నని స్ప్రింగు, రబ్బరు వాషరు కలిసి గాలిని ఆపుతాయి. పంపు తల నొక్కినప్పుడు పిన్ను మొన లోపలికి దిగి దారి తెరుచుకుంటుంది. పిన్ను బిగింపుకు బలం అక్కరలేదు. వేళ్లతో పట్టుకునే చిన్న పానాతో ఆనేవరకు తిప్పి, మరికొంచెం బిగిస్తే చాలు. ఎక్కువ బిగిస్తే వాషరు నలిగి అక్కడే లీకు మొదలవుతుంది.

మూతను అలంకారంగా భావించరాదు. లోపల రబ్బరు వాషరు ఉన్న లోహపు మూత రెండవ ద్వారం వలె పనిచేస్తుంది, పిన్ను కొద్దిగా కారినా గాలిని నిలుపుతుంది. సాధారణ ప్లాస్టిక్ మూత దుమ్మును ఆపుతుందే గాని గాలిని ఆపదు. దమ్ము చేసిన పొలాల గట్ల మీద, ఎర్రమట్టి దారుల మీద తిరిగే వాహనానికి మూత లేకపోతే వాల్వు నోట్లో మట్టి గడ్డకడుతుంది. తరువాత గాలి నింపినప్పుడు ఆ మట్టే పిన్ను వాషరు కిందికి చేరుతుంది. లోపలి టైరు వాల్వుకు మూత లేకపోవడం మనం తరచుగా చూసే దృశ్యం. తీసినవారికి తిరిగి పెట్టడం కష్టమై వదిలివేస్తారు.

ట్యూబు లేని చిన్న చక్రాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. రిమ్ము రంధ్రంలో లాగి కూర్చోబెట్టే సాధారణ కారు రబ్బరు వాల్వు 65 పీఎస్‌ఐ వరకే ఉద్దేశించినది. 80 పీఎస్‌ఐ కావలసిన మినీ బస్సు చక్రానికి అధిక పీడన రకాన్ని గాని, నట్టుతో బిగించే లోహపు వాల్వును గాని వాడాలి. టైరు మార్చిన ప్రతిసారీ పిన్నును, లోహపు వాల్వు అయితే దాని రబ్బరు వాషర్లను కూడా మార్చడం మంచిది. వాటి ఖరీదు టైరు ఖరీదుతో పోల్చదగినది కాదు.

వ్యవసాయ శాఖల వాహనాలకు సంబంధించి ఇక్కడ ఒక ప్రత్యేకాంశం ప్రస్తావించాలి. వాల్వు గొట్టాలు చాలావరకు ఇత్తడివి. ఒత్తిడిలో ఉన్న ఇత్తడి తేమతో కూడిన అమోనియా తగిలితే పగుళ్లు తీస్తుంది. బ్రిటిషు కాలంలో భారతదేశంలో వర్షకాలంలో గుర్రపుశాలల్లో నిల్వచేసిన ఇత్తడి తూటా గొట్టాలు ఇదే విధంగా పగిలేవి. దానికి కారణం గుర్రాల మూత్రం నుండి వెలువడిన అమోనియా అని 1921లో తేల్చారు. యూరియా నిల్వ గోదాముల వద్ద, పశువుల శాలల పక్కన ఎక్కువ కాలం నిలిపి ఉంచే వాహనాల వాల్వులను, పొడిగింపు గొట్టాలను ఈ దృష్టితో కూడా పరిశీలించడం ఉచితం. ఆకుపచ్చని పొర, మర మొదట్లో వెంట్రుక వంటి గీత కనిపిస్తే ఆ భాగాన్ని మార్చివేయాలి.

వాల్వును అందుబాటులోకి తెచ్చే మార్గాలు

జంటలో ఒకే రకపు డిస్కులను ఎదురెదురుగా బిగిస్తారు. అందువలన సాధారణంగా లోపలి చక్రపు వాల్వు బయటి వైపుకు, బయటి చక్రపు వాల్వు లోపలి వైపుకు తిరిగి ఉంటాయి. లోపలి వాల్వును చేరడానికి ఉన్న ఒకే దారి బయటి డిస్కులోని రంధ్రం. ఈ రంధ్రాలు రెండు డిస్కులలో ఎదురెదురుగా వచ్చేటట్లు, రెండు వాల్వులు ఒకదానికొకటి సరిగ్గా ఎదురు దిక్కున, అనగా 180 డిగ్రీల ఎడంలో ఉండేటట్లు బిగించాలి. అప్పుడు లోపలి వాల్వు ఒక రంధ్రంలో నుండి కనిపిస్తుంది. బయటి వాల్వు దానికి అడ్డురాదు. దీనికి ఖర్చు ఏమీ లేదు. అయినా పంక్చరు వేసి చక్రాన్ని తిరిగి ఎక్కించేటప్పుడు ఈ అమరిక ఎక్కువగా తప్పుతుంది. ఎదురు చూస్తున్న డ్రైవరు, తొందరలో ఉన్న పనివాడు, ఏ రంధ్రానికి ఏ స్టడ్డు వచ్చినా నట్లు బిగుస్తాయి. తరువాత ఆరు నెలల పాటు లోపలి వాల్వు బయటి డిస్కు వెనుక మూసుకుపోయి ఉంటుంది. నట్లను చివరిసారి బిగించక ముందే గేజిని రంధ్రంలో పెట్టి లోపలి టైరు గాలి చదవగలుగుతున్నామా అని చూడాలి. ఈ ఒక్క అలవాటు తరువాత కొనబోయే పరికరాలలో సగాన్ని అనవసరం చేస్తుంది.

పెద్ద లారీ డిస్కు రంధ్రంలో చేయి దూరుతుంది. 16 అంగుళాల రిమ్ములలో దూరదు. పైగా మోటార్‌హోంలలో మెరుగు కోసం బిగించే ఉక్కు కప్పులు, మన బస్సుల చక్రాలకు పెట్టే అలంకార కప్పులు మిగిలిన దారిని కూడా మూసివేస్తాయి. అటువంటి చోట పొడిగింపు తప్పదు. పొడిగింపులు ప్రధానంగా మూడు విధాలు.

మొదటిది, ఉన్న వాల్వుపై మరతో బిగించే గట్టి లోహపు పొడిగింపు. ఇందులో మళ్లీ రెండు రకాలున్నాయి. ఒక రకంలో లోపలి పొడవైన పుల్ల పంపు తల నొక్కినప్పుడు మాత్రమే అసలు పిన్నును తెరుస్తుంది. మరొక రకం బిగించిన క్షణం నుండి అసలు పిన్నును నొక్కి తెరిచే ఉంచుతుంది. ఈ రెండవ రకంలో టైరు గాలిని ఆపేది అసలు పిన్ను కాదు, పొడిగింపు చివర ఉన్న పిన్ను, మధ్యనున్న వాషరు. పొడిగింపు ఎక్కడ కారినా టైరు ఖాళీ అవుతుంది. కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. దుకాణదారుకు తెలియకపోతే, పుల్ల పొడవును చూసి మనమే గ్రహించవచ్చు.

రెండవది, వంగే గొట్టం. ఒక కొసను లోపలి వాల్వుకు బిగించి, రెండవ కొసను బయటి డిస్కు అంచున పట్టీతో నిలుపుతారు. చూడటానికి అన్నిటికంటె సుఖమైన ఏర్పాటు ఇది. దీర్ఘకాలంలో ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది కూడా దీనిమీదే. కారణాన్ని విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చు. అర మీటరు వ్యాసార్ధం గల చక్రం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు సెకనుకు సుమారు 44 రేడియన్ల కోణీయ వేగంతో తిరుగుతుంది. కేంద్రం నుండి 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువుపై అపకేంద్ర త్వరణం దాదాపు 490, అనగా గురుత్వానికి 50 రెట్లు. వంద గ్రాముల గొట్టం అక్కడ 5 కిలోల బరువుతో బయటికి లాగుతూ ఉంటుంది. బండి ఆగిన ప్రతిసారీ ఆ లాగుడు సడలి, కదిలిన ప్రతిసారీ తిరిగి వస్తుంది. ఆధారం లేని గొట్టం డిస్కు రంధ్రపు అంచుకు రాసుకొని తెగుతుంది, లేదా వాల్వు మొదటిని వంచుతుంది. ఎండ, ఓజోను వలన రబ్బరు పగలడం దీనికి అదనం. గొట్టాన్ని వాడదలచినవారు ఉక్కు అల్లిక ఉన్నదాన్ని ఎంచుకొని, రంధ్రంలో రబ్బరు బిరడాతో కదలకుండా నిలిపి, ప్రతి సంవత్సరం మార్చడానికి సిద్ధపడాలి.

మూడవది, రిమ్ముకు ఉన్న పొట్టి వాల్వునే తొలగించి, దాని స్థానంలో తగిన వంపుతో చేసిన పొడవైన ఏకఖండ లోహపు వాల్వును బిగించడం. టైరును రిమ్ము నుండి విప్పితే గాని ఇది సాధ్యపడదు. ఖర్చూ ఎక్కువే. కాని కీళ్లు లేవు, నొక్కి ఉంచిన పిన్నులు లేవు, ఊగే గొట్టం లేదు. అమెరికాలో మోటార్‌హోంలను ఎక్కువ దూరాలు నడిపేవారు చివరకు చేరుకున్నది దీనికే. ట్యూబులేని టైర్లున్న ప్రయోగశాల వాహనానికి కొత్త టైర్లు వేయించేటప్పుడు ఈ మార్పు చేయించడం ఉత్తమమని మా అభిప్రాయం. ట్యూబు టైర్లలో వాల్వు ట్యూబుకే అతికి ఉంటుంది కనుక ఈ మార్గం లేదు. సరైన పొడవు, వంపు ఉన్న వాల్వు గల ట్యూబునే ఎంచుకోవాలి. గాలి తగ్గిన ట్యూబు టైరు రిమ్ముపై జారినప్పుడు వాల్వు మొదట్లోనే తెగిపోతుందన్న సంగతి పంక్చరు దుకాణాల వారందరికీ తెలిసినదే.

రెండు టైర్లనూ ఒకే గొట్టంతో కలిపి పీడనాన్ని సమం చేసే పరికరాలు, వాల్వు మూత స్థానంలో బిగించి పీడనాన్ని డ్రైవరుకు చూపే సెన్సార్లు కూడా ఉన్నాయి. సమీకరణ పరికరం మంచిదే గాని దానికీ రెండు గొట్టాలున్నాయి, పైన చెప్పిన అపకేంద్ర బలం వాటినీ వదలదు. సెన్సారు బరువు 20 గ్రాములైతే తిరుగుతున్నప్పుడు అది ఒక కిలో. దానిని లోహపు వాల్వుపైనే పెట్టాలి, వంగే గొట్టం కొసన వేలాడదీయరాదు. అమెరికాలో టైరు పీడన హెచ్చరిక వ్యవస్థను తప్పనిసరి చేసిన 138వ భద్రతా ప్రమాణం 4,536 కిలోల లోపు వాహనాలకే వర్తిస్తుంది. ఆ పరిధిలో కూడా జంట చక్రాల ఇరుసు ఉన్న వాటిని మినహాయించింది. అత్యంత అవసరమైన చోటే యంత్రం కాపలా లేదన్నమాట.

పీడన పరీక్ష

కర్రతో గాని ఇనుప కడ్డీతో గాని టైరును కొట్టి చూడటం వలన పూర్తిగా ఖాళీ అయిన టైరు తెలుస్తుంది. పావు వంతు గాలి తగ్గిన టైరు తెలియదు. ఒకసారి రబీలో గ్రామ కార్యక్రమానికి బయలుదేరుతున్న ప్రయోగశాల వాహనాన్ని అనుభవజ్ఞుడైన డ్రైవరు మా ఎదుటే కొట్టి చూసి, ఆరూ బాగున్నాయన్నాడు. ఆయన చెవిపై మాకూ నమ్మకమే. గేజి పెట్టి చూస్తే ఐదు టైర్లు 100 పీఎస్‌ఐకి అటూ ఇటూ ఉండగా, ఎడమ లోపలిది 72 చూపింది. గేజి తప్పేమోనని ఆయన మరొక గేజి తెప్పించాడు. అదీ అంతే చూపింది. ఆ రోజు కార్యక్రమం వాయిదా పడింది.

పరీక్షకు రెండు ముఖాల తల ఉన్న పొడవైన గేజి కావాలి. ఒక ముఖం ముందుకు, మరొకటి వెనుకకు తిరిగి ఉంటుంది. ముందు ముఖంతో లోపలి వాల్వును, వెనుక ముఖంతో బయటి వాల్వును చదవవచ్చు. గేజిని సంవత్సరానికి ఒకసారైనా నమ్మకమైన మరొక గేజితో సరిచూడాలి. ప్రయోగశాలలో తూకపు యంత్రానికి ఇచ్చే గౌరవం దీనికీ ఇవ్వాలి.

కొలత చల్లని టైరుపైనే చేయాలి. కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న వాహనం, ఎండ తగలని ఉదయపు వేళ అనుకూలం. వేడి ప్రభావాన్ని వాయు నియమంతో లెక్కించవచ్చు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 పీఎస్‌ఐ ఉన్న టైరు 45 డిగ్రీలకు చేరితే దాదాపు 108 చూపుతుంది. నడిచి వేడెక్కి 65 డిగ్రీలకు చేరితే 115 చూపుతుంది. ఇది సహజమైన పెరుగుదల. ఎక్కువైందని భావించి మధ్యాహ్నం గాలి తీసివేస్తే, మరునాటి ఉదయానికి టైరు మెత్తబడి ఉంటుంది. వేసవిలో గాలి తగ్గించి నింపాలన్న వాడుక మన ప్రాంతాలలో బలంగా ఉంది. దానిని శిక్షణలో ప్రత్యేకంగా ఖండించవలసి ఉంటుంది.

ఇదే లెక్కలో మరొక మెలిక ఉంది. జనవరి వేకువన 15 డిగ్రీల వద్ద 100 చదివిన టైరు, ఏమీ కారకపోతే మే నెల వేకువన 30 డిగ్రీల వద్ద 106 చదవాలి. అప్పుడు కూడా 100 చదివితే, మారలేదని సంతోషించరాదు. ఆరు పీఎస్‌ఐ గాలి పోయిందని గుర్తించాలి. అందుకే రికార్డు పుస్తకంలో ఆరు టైర్ల పీడనాలతో పాటు గాలి ఉష్ణోగ్రతను కూడా రాయాలి. రబ్బరు గుండా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ సహజంగానే తగ్గుతుంది. ఒక టైరు మిగతా ఐదింటికంటె వేగంగా తగ్గుతున్నదంటే, మొదట అనుమానించవలసింది మేకును కాదు, వాల్వును. సబ్బు నీటిని పిన్నుపై, పొడిగింపు కీళ్లపై, వాల్వు మొదట్లో పూసి బుడగలు చూడాలి. పల్లె దుకాణంలో వేలితో ఉమ్మి రాసి చూడటం కూడా ఇదే పరీక్ష, కాకపోతే అది పిన్ను దగ్గరే ఆగిపోతుంది.

ఎంత గాలి ఉండాలన్నది టైరు పక్కగోడపై ఉన్న గరిష్ఠ అంకెను చూసి కాక, మోస్తున్న బరువును బట్టి తయారీదారు పట్టిక నుండి తీసుకోవాలి. ప్రయోగశాల వాహనాన్ని రసాయనాలు, నీరు, జనరేటరు, సిబ్బందితో సహా మార్కెట్ యార్డు వేబ్రిడ్జిపై ఒకసారి తూయిస్తే చాలు, ఆ బరువు పెద్దగా మారదు. ముందు ఇరుసును, వెనుక ఇరుసును వేరువేరుగా తూయాలి. జనరేటరు ఒక వైపే ఉంటే ఆ వైపు బరువు ఎక్కువ. అటువంటప్పుడు ఎక్కువ బరువున్న వైపుకు తగిన పీడనాన్నే వెనుక నాలుగు టైర్లకూ వాడాలి. లారీలకు బరువు మారుతూ ఉంటుంది. 2018లో నాలుగు టైర్ల వెనుక ఇరుసుపై అనుమతించే భారాన్ని 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచారు. పైన చెప్పిన 146/143 టైర్లు నాలుగు జంటలో మోయగలిగేది 10.9 టన్నులే. చట్టం అనుమతించినదంతా టైరు అనుమతించిందని అనుకోరాదు.

గాలి తగ్గిన లోపలి టైరు విషయంలో జాగ్రత్త

ఈ వ్యాసంలో ఒక్క విభాగమే గుర్తుంచుకోదలచినవారు దీనిని గుర్తుంచుకోవాలి. నిర్దేశిత పీడనంలో 80 శాతం, అంతకంటె తక్కువ గాలితో నడిచిన టైరును, గాలి లేకుండా నడిచిన టైరుగానే పరిగణించాలి. 100 కావలసిన చోట 80 లేక అంతకంటె తక్కువ ఉంటే, వాల్వు అందింది కదా అని అక్కడే గాలి నింపరాదు. పక్కగోడలోని ఉక్కు తీగలు వంగి వంగి అలసి తెగి ఉండవచ్చు. పైకి ఏమీ కనిపించదు. తిరిగి పీడనం ఎక్కుతున్నప్పుడు అవి వరుసగా తెగి, పక్కగోడ జిప్పు విడినట్లు ఒక్కసారిగా చీలిపోతుంది. మూడు ముక్కల రిమ్ములున్న ట్యూబు టైర్లలో రింగు ఎగిరిపడే ప్రమాదం దీనికి తోడవుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి బతకడం కష్టం.

అమెరికా వృత్తి భద్రతా నిబంధన 1910.177 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 80 శాతం లేక అంతకంటె తక్కువ గాలితో నడిచిన టైరును ఇరుసు నుండి విప్పక ముందే పిన్ను తీసి పూర్తిగా ఖాళీ చేయాలి. జంటలో ఈ క్రమం మరీ ముఖ్యం. నట్లు వదులు చేస్తున్నప్పుడు దెబ్బతిన్న రిమ్ముపై ఒత్తిడి ఉండరాదు. బయటి చక్రాన్ని విప్పక ముందు లోపలి టైరు గాలి తీయాలంటే లోపలి వాల్వు అందాలి. వాల్వు అందుబాటు గురించి ఇంత విస్తారంగా చర్చించడానికి ఇదొక కారణం. విప్పిన తరువాత లోపలా బయటా పరిశీలించి, ఇనుప పంజరంలో ఉంచి నింపాలి. 80 శాతానికి పైన ఉన్న టైరును బండి మీదే నింపవచ్చు, కాని వాల్వుకు దానంతట అదే పట్టుకునే క్లిప్పు, మధ్యలో గేజి, దూరంగా నిలబడటానికి సరిపడు గొట్టం ఉండాలి. చక్రానికి ఎదురుగా ఎవరూ ఉండరాదు.

మన రహదారుల పక్కన దుకాణాలలో ఈ పంజరం అరుదు. గాలి గొట్టం పట్టుకొని చక్రం ముందు గొంతుకూర్చునేది చాలాసార్లు పదహారు, పదిహేడేళ్ల కుర్రవాడు. కార్యక్రమానికి వేళ మించిపోతున్నదని అతన్ని తొందరపెట్టేది మనమే. మెత్తబడిన లోపలి టైరు కనిపించిన చోటే వాహనాన్ని నిలిపి, రైతులకు ఫోను చేసి కార్యక్రమాన్ని మరునాటికి మార్చుకోవడం బృంద నాయకుని బాధ్యత. స్టెప్నీ ఉన్నా అది లోపలి స్థానానికి సరిపోయే వ్యాసం, వాల్వు గలదేనా అన్నది బయలుదేరక ముందే చూసి ఉండాలి.

శిక్షణలో చేర్చదగిన అభ్యాసం

వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు ట్రాక్టరు టైర్లలో నీరు నింపడం, చక్రాల జారుడు లెక్కించడం పాఠ్యాంశాలుగా ఉన్నాయి. వారు రేపు నడిపించబోయే శాఖా వాహనాల జంట చక్రాలు మాత్రం ఎక్కడా రావు. ఒక మధ్యాహ్నం సరిపోతుంది. కళాశాల బస్సును నిలిపి, ప్రతి విద్యార్థి చేత లోపలి రెండు టైర్ల పీడనాన్ని చదివించాలి. మొదటి ప్రయత్నంలో వాల్వు ఎక్కడున్నదో వెతకడానికే సమయమంతా పోవచ్చు, అలా పోనివ్వాలి. తరువాత వాల్వులు 180 డిగ్రీల ఎడంలో ఉన్నాయో లేదో చూడటం, మూతల లెక్క, పొడిగింపు ఉంటే అది ఏ రకమో తేల్చడం, సబ్బు నీటి పరీక్ష చేయించాలి. అదే రోజు వేబ్రిడ్జి చీటీని, టైరు పట్టికను పక్కపక్కన పెట్టి పీడనం నిర్ణయించమంటే, తమ కళాశాల బస్సు టైర్లలో ఉన్న గాలి ఏ అంకెను బట్టి నింపుతున్నారో విద్యార్థులే డ్రైవరును అడుగుతారు. ఆ సంభాషణలో డ్రైవరును కూడా కూర్చోబెట్టి, రికార్డు పుస్తకం మొదటి పుటను ఆయన చేతే రాయించాలి.